కంటి గూటికి దెబ్బ తగిలాక రివ్యూలు ఎక్కడ? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు ఒక పోలిక

కంటి చుట్టూ ఉండే ఎముక గూడు విరిగినా, థైరాయిడ్ వల్ల కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, గూట్లో చీము పట్టినా ఆపరేషన్ ఎక్కడ చేయించాలని ఇల్లంతా కూర్చుని మాట్లాడుకుంటారు. చెన్నైనా, హైదరాబాదా, తిరుపతా, విజయవాడా అని తెలిసిన వాళ్లందరినీ అడుగుతారు. డిశ్చార్జి కాగితం మీద ‘వారానికి, నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు రావాలి’ అని రాసిన ఆ ఒక్క లైను గురించి మాత్రం ఎవరూ మాట్లాడుకోరు. మొదటి రివ్యూకి అందరూ వెళ్తారు. రెండోదానికి కోతలో, పిల్లల పరీక్షలో అడ్డం వస్తాయి. మూడోదానికి ‘ఇప్పుడు బానే ఉంది కదా’ అనిపిస్తుంది. కానీ ఇవి వాపు తగ్గాకే అసలు నష్టం బయటపడే జబ్బులు. కన్ను లోపలికి కుంగడం, ఒకటి రెండుగా కనిపించడం, రంగులు వెలిసిపోయినట్టు ఉండడం వంటివి ఒక్కోసారి కొన్ని వారాల తర్వాతే తెలుస్తాయి.

అందుకే ‘ఏ ఆసుపత్రి మంచిది’ అని కాకుండా ‘ఏ పని ఏ ఆసుపత్రిలో’ అని ఆలోచించమంటాను. కొలతలు తీయాల్సిన రివ్యూలు ఆపరేషన్ చేసిన చోటే ఉండాలి. కనిపెట్టుకుని చూడాల్సినవి జిల్లాలోనే అయిపోవచ్చు. ప్రమాదం వస్తే మాత్రం అన్నిటికంటే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రే సరైనది.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత. కన్ను ఎంత ముందుకొచ్చిందో, ఎంత లోపలికి పోయిందో హెర్టెల్ అనే చిన్న పరికరంతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. గూడు విరిగిన వాళ్లలో కన్ను 2 మిల్లీమీటర్లకు మించి లోపలికి కుంగితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. ఆసుపత్రి మారినా, కొలిచే మనిషి మారినా, పరికరం మారినా 1, 2 మిల్లీమీటర్ల తేడా వట్టి కొలతలోనే వచ్చేస్తుంది. అంటే ఒంగోలులో ఒకసారి, చెన్నైలో ఒకసారి కొలిపిస్తే కన్ను నిజంగా కుంగిందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కన్ను ఏ దిక్కుకు ఎంత కదులుతోందో గీసే హెస్ చార్టు కూడా ఇలాంటిదే. ఒకే చోట తీసినవి పక్కపక్కన పెట్టి చూస్తేనే విలువ.

రెండోది, ఎంత త్వరగా చేరగలరు అన్నది. గూట్లో రక్తం గడ్డకట్టి కంటి నరాన్ని నొక్కితే గంటన్నర, రెండు గంటల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో ఆ సమయంలో చెన్నై చేరడం కుదరని పని.

మూడోది తోడు. కంటికి కట్టు ఉన్న మనిషి, రెండుగా కనిపిస్తున్న మనిషి ఒంటరిగా బస్సెక్కకూడదు, బండి అసలే నడపకూడదు. కాబట్టి ప్రతి రివ్యూకీ రెండు కూలీలు పోతాయని లెక్క వేసుకోవాలి. మందులు, స్కాన్ ఖర్చు అందరూ చూసుకుంటారు, ఇది మాత్రం లెక్కలోకి రాదు. రివ్యూలు మానేయడానికి అసలు కారణం చాలా ఇళ్లలో ఇదే.

ఇక నాలుగోది, మీ జబ్బుకి కంటి డాక్టరు ఒక్కరే చాలా అన్నది. చాలామందికి చాలరు. ముక్కు డాక్టరు, షుగరు చూసే ఫిజీషియన్, దవడ ఎముకల సర్జన్, ఒక్కోసారి మెదడు డాక్టరు కూడా అవసరమవుతారు.

ఒక్క చూపులో

| ఎక్కడ | కొలతలు, ప్రత్యేక నైపుణ్యం | రాత్రిపూట ప్రమాదం వస్తే | ఖర్చు, సమయం | ఎవరికి బాగా కుదురుతుంది |
|---|---|---|---|---|
| ఆపరేషన్ చేసిన దూరపు కంటి ఆసుపత్రి | చాలా బాగుంటుంది | దూరం వల్ల పనికిరాదు | రోజంతా, తోడు తప్పదు | కొలతల రివ్యూలు, థైరాయిడ్ కన్ను, చిన్న పిల్లలు |
| జిల్లా ప్రభుత్వ పెద్దాసుపత్రి | గూటి నిపుణులు ఉన్నారో లేదో అడగాలి | అన్నిటికన్నా మేలు | ఖర్చు తక్కువ, ఓపీలో ఎదురుచూపు | షుగరు ఉన్నవాళ్లు, బ్లాక్ ఫంగస్, ముక్కు నుంచి వచ్చిన చీము |
| మన ఊరి ప్రైవేటు కంటి డాక్టరు | మామూలు పరీక్షలకు సరిపోతుంది | చాలాచోట్ల ఉండదు | సాయంత్రం గంటలో పని అవుతుంది | నడుమ నడుమ చూపించుకోవడానికి |
| ఫోన్, వీడియో | లేదు | నమ్ముకోకూడదు | దాదాపు ఖర్చు లేదు | సందేహాలు, మందుల మార్పులు |

దూరపు కంటి ఆసుపత్రి

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నై శంకర నేత్రాలయకు, హైదరాబాదు లేదా విజయవాడ తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్‌కు, తిరుపతి అరవింద్‌కు. నెల్లూరు నుంచి తిరుపతి సుమారు 130 కిలోమీటర్లు, చెన్నై 175 దాకా ఉంటుంది. ఒంగోలు నుంచి విజయవాడ 150 లోపే. నెల్లూరు, ఒంగోలు, కావలి వాళ్లకు చెన్నై–విజయవాడ మెయిన్ లైను ఉంది. మార్కాపురం, గిద్దలూరు వాళ్లది గుంటూరు–గుంతకల్లు లైను, వాళ్లకు చెన్నై కన్నా గుంటూరు మీదుగా విజయవాడే సులువు. ఆపరేషన్ ఎక్కడని నిర్ణయించే రోజునే ఇదంతా చూసుకోవాలి. ఆపరేషన్‌కి ఒక్కసారే వెళ్తారు, రివ్యూలకు ఆరేడు సార్లు వెళ్లాల్సి రావచ్చు.

ఇక్కడి బలం పాత రికార్డు. మీ మొదటి ఫొటో, మొదటి స్కాన్, మొదటి కొలత అన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి. బలహీనత కూడా తెలిసిందే. దూరం వల్ల జనం వెళ్లడం మానేస్తారు. అన్ని రివ్యూలకూ అక్కడికే వెళ్లాలని పెట్టుకుని మధ్యలో మానేసే కన్నా, రెండు మూడు ముఖ్యమైనవి అక్కడ, మిగతావి ఇక్కడ అని ముందే వాళ్లతో మాట్లాడుకోవడం నయం. అడిగితే చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు, జిల్లాలోని డాక్టరుకి ఉత్తరం కూడా రాసిస్తారు.

జిల్లా పెద్దాసుపత్రి

ఒంగోలు రిమ్స్, నెల్లూరులో ఏసీఎస్ఆర్ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి. రెండూ బోధనాసుపత్రులే. కంటి విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం, మెడిసిన్, సర్జరీ ఒకే ఆవరణలో ఉండడం, క్యాజువాల్టీ రాత్రంతా తెరిచి ఉండడం వీటి అసలు బలం. ప్రైవేటు కంటి ఆసుపత్రి ఎంత పెద్దదైనా కిడ్నీ పరీక్ష, షుగరు, ముక్కు ఎండోస్కోపీ అన్నీ ఒకే పూట అక్కడ అయిపోతాయన్న నమ్మకం లేదు.

వెళ్లిన ప్రతిసారీ వేరే డాక్టరు చూస్తారన్నది వీటి మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. దీనికి చిన్న ఉపాయం ఉంది. బోధనాసుపత్రుల్లో ఒక్కో యూనిట్‌కి ఒక్కో ఓపీ రోజు ఉంటుంది. మొదటిసారి చూసింది ఏ యూనిట్టో, వాళ్ల ఓపీ వారంలో ఏ రోజో అడిగి చీటీ మీద రాయించుకోండి. ప్రతిసారీ అదే రోజు వెళ్తే అదే ప్రొఫెసరు బృందం చూస్తుంది. గిద్దలూరు వైపు వాళ్లకు ఒంగోలు కన్నా నంద్యాలే దగ్గర. జిల్లా పేరు చూసి కాకుండా కిలోమీటర్లు చూసి ఎంచుకోండి.

ఊరి కంటి డాక్టరు, ఫోన్

కందుకూరు, కావలి, ఆత్మకూరు వంటి చోట్ల ఉన్న కంటి డాక్టర్లు ఎక్కువగా శుక్లాలు, అద్దాలు చూస్తుంటారు. అయినా మధ్యలో రివ్యూలకు వాళ్లు బాగానే సరిపోతారు. మూడు ప్రశ్నలు అడగండి. కంటి ప్రెషర్ చూస్తారా? కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలేసి లోపల నరం చూస్తారా? రంగుల పుస్తకంతో పరీక్ష చేస్తారా? మూడింటికీ అవునంటే, పైగా అవసరమైతే ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ చేస్తానంటే, ఆయన్ని వదులుకోకండి. అద్దాల షాపులో చేసే కంప్యూటర్ పరీక్ష మాత్రం ఈ రివ్యూకి లెక్కలోకి రాదు. కన్ను ఎర్రబడిందని ఆర్ఎంపీ దగ్గరో మందుల షాపులోనో స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేసుకుంటే లోపల ప్రెషర్ పెరిగి నరం దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఫోన్ గురించి క్లుప్తంగా చెప్తాను. రెప్ప వాపు, కుట్లు, చీము వంటివి ఫొటోలో తెలుస్తాయి. ప్రెషర్, నరం, మిల్లీమీటర్లు తెలియవు. పగటి వెలుగులో, ఒకే దూరం నుంచి, ఎదురుగా ఒకటి, పైకి, కిందికి, కుడికి, ఎడమకి చూస్తూ ఒక్కొక్కటి తీసి వారానికోసారి దాచుకోండి. రివ్యూకి వెళ్లినప్పుడు అవి వరుసగా చూపిస్తే డాక్టరుకి ఎంతో ఉపయోగం.

గూడు విరిగిన వాళ్లకు

మన రెండు జిల్లాల్లో ఇది ఎక్కువగా మూడు చోట్ల జరిగే ప్రమాదం. హైవే మీద బైకు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, పశువుల కొమ్ము. క్రికెట్ బంతి దెబ్బలు కూడా ఉన్నాయి. గూటి అడుగు ఎముక, ముక్కు వైపు గోడ బాగా పలచన, దెబ్బకు ముందు విరిగేవి అవే. చెంప, పై పెదవి మొద్దుబారడం, పైకి చూస్తే రెండుగా కనిపించడం దీని గుర్తులు.

విరిగిన ప్రతి గూటికీ ఆపరేషన్ అక్కర్లేదు. వాపు తగ్గాక, అంటే వారం పది రోజుల్లో ఒకసారి చూసి, పెద్దవాళ్లలో మామూలుగా రెండు వారాల లోపు ఆపరేషన్ కావాలో వద్దో తేలుస్తారు. అందుకే ఈ జబ్బులో రెండో వారం రివ్యూ అన్నిటికన్నా విలువైనది. ఆపరేషన్ చేయని వాళ్లే దీన్ని ఎక్కువగా వదిలేస్తారు, ‘ఆపరేషన్ అక్కర్లేదన్నారు’ అని నిశ్చింతగా ఉంటారు. ఆ రివ్యూ మాత్రం గూటి సర్జన్ దగ్గరే జరగాలి. ఆయన కంటి వైపు నిపుణుడు కావచ్చు, దవడ ఎముకల సర్జన్ కావచ్చు. ఎముకల సర్జన్ ప్లేటు వేసినా కంటి కదలికలు, నరం చూడాల్సింది కంటి డాక్టరే, ఇద్దరికీ చూపించండి. తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు అని రాస్తే నెల రివ్యూ జిల్లాలో, మూడు, ఆరు నెలలవి సర్జన్ దగ్గర పెట్టుకోవచ్చు.

ఇంట్లో పాటించాల్సిన వాటిలో ముఖ్యమైనది ముక్కు చీదకపోవడం. చీదితే ముక్కు పక్క గాలి గదుల్లోంచి గాలి, క్రిములు కంటి గూట్లోకి ఎక్కుతాయి. సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు ఈ జాగ్రత్త ఉండాలి. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. పొగాకు బ్యారన్లలో, మిరప కల్లాల్లో పనిచేసే వాళ్లు ఆ రోజులన్నీ ఘాటుకి దూరంగా ఉండడమే మంచిది.

పిల్లల సంగతి వేరు. వాళ్ల ఎముక విరగకుండా వంగి, కండరాన్ని పట్టేసి మూసుకుపోతుంది. కన్ను బయటికి తెల్లగా, మామూలుగానే ఉంటుంది. కానీ పిల్లాడు పైకి చూడలేడు, వాంతులు చేసుకుంటాడు, నాడి నెమ్మదిస్తుంది. తలకి దెబ్బనుకుని పడుకోబెట్టి ఎదురుచూస్తారు. ఇలాంటి వాళ్లకి ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ కావాలి. తర్వాత కదలిక పూర్తిగా రావడానికి నెలలు పట్టొచ్చు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలైతే ఆ కన్ను మందగించి ‘బద్ధకపు కన్ను’ కాకుండా చూసుకోవాలి. పిల్లల రివ్యూలు దూరమైనా పెద్ద కంటి ఆసుపత్రిలోనే పెట్టుకోమంటాను, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

థైరాయిడ్ కన్ను

ఇది ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం మంటలా రగిలి, తర్వాత చల్లారే జబ్బు. రగిలే దశలో నెలకో, రెండు నెలలకో చూడాలి. కొలతలు ఇక్కడే అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి ఒకే ఆసుపత్రిని పట్టుకోండి. గూడు వెడల్పు చేసే ఆపరేషన్ ముందు, మెల్ల సరిచేసేది తర్వాత, రెప్పల ఆపరేషన్ చివర. ఈ వరుస ఎవరో ఒకరి చేతిలో ఉండాలి.

కొన్ని పనులు మాత్రం జిల్లాలోనే బాగా జరుగుతాయి. స్టెరాయిడ్‌ను సెలైన్‌లో వారానికోసారి పన్నెండు వారాలు ఎక్కించే పద్ధతి ఉంది. మొదటి ఆరు వారాలు 500 మిల్లీగ్రాములు, తర్వాత ఆరు వారాలు 250. పన్నెండు సార్లు చెన్నై వెళ్లడం ఎవరివల్లా కాదు. పెద్ద డాక్టరు రాసిచ్చిన చీటీతో ఒంగోలులోనో నెల్లూరులోనో ఫిజీషియన్ ఉన్న ఆసుపత్రిలో, షుగరు, బీపీ, లివర్ పరీక్షలు చూసుకుంటూ ఎక్కించుకోవచ్చు. క్లినిక్ బెంచీ మీద మాత్రం వద్దు. టీఎస్‌హెచ్ వంటి థైరాయిడ్ రక్తపరీక్షలు కూడా ఇక్కడే చేయించి రిపోర్టులు పట్టుకెళ్లండి.

చుట్ట, బీడీ, సిగరెట్ మానకపోతే ఈ జబ్బు ముదురుతుంది, మందు కూడా సరిగా పనిచేయదు. మనది పొగాకు సీమ, చెప్పినంత తేలిక కాదని తెలుసు. అయినా ఈ ఒక్క జబ్బులో డాక్టరు చేయగలిగినంత పని రోగి చేయగలిగేది ఇదే. రోజూ ఒక్కో కన్ను మూసి ఒకే ఎర్ర గుడ్డ చూడండి. ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు కనిపిస్తే నరం నలుగుతోందని అనుమానం. రివ్యూ తేదీ కోసం ఆగకూడదు.

బ్లాక్ ఫంగస్, చీము పట్టిన గూడు

2021లో కోవిడ్ రెండో విడత తర్వాత బ్లాక్ ఫంగస్ పేరు అందరికీ తెలిసింది. షుగరు అదుపులో లేని వాళ్లకు ఇప్పటికీ వస్తుంది. దీంట్లో నడిపించేది ముక్కు డాక్టరు, ఫిజీషియన్. యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు ఎక్కించేటప్పుడు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), పొటాషియం తరచుగా చూడాలి. డిశ్చార్జి తర్వాత మాత్రలు నడుస్తుంటాయి, ముక్కులో ఎండోస్కోపీ పదే పదే చేయాలి. ఇలాంటి వాళ్లకు జిల్లా పెద్దాసుపత్రి దూరపు కంటి ఆసుపత్రి కన్నా మంచి ఎంపిక. పిల్లల్లో సైనస్ నుంచి గూటికి చీము పడితే కూడా తగ్గాక ముక్కు డాక్టరు రివ్యూ తప్పనిసరి, లేకపోతే మళ్లీ వస్తుంది.

కన్ను తీసేసిన వాళ్లకు

ఆపరేషన్ తర్వాత గూడు ముడుచుకుపోకుండా పలచటి చిప్ప పెడతారు. అది జారిపడితే కడిగి త్వరగా పెట్టించుకోవాలి, ‘రివ్యూకి వెళ్లినప్పుడు చూద్దాంలే’ అనుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు కృత్రిమ కన్ను పెట్టొచ్చు. రెడీమేడ్‌ది చవక, వెంటనే దొరుకుతుంది, కానీ గూటికి సరిగా అమరదు, వెనక నీరు నిలిచి పుసి కడుతుంది. గూటి అచ్చు తీసి రంగు కలిపి చేసేదానికి ఒకటి రెండు రోజులు ఉండాల్సి రావచ్చు, ఖర్చూ ఎక్కువే. డబ్బు ఏదో ఒకదాని మీదే పెట్టగలిగితే దీని మీదే పెట్టమంటాను. ఏడాదికోసారి పాలిష్, సుమారు ఐదేళ్లకోసారి మార్పు. పిల్లలకు గూడు పెరిగేకొద్దీ అంతకన్నా ముందే. స్పిరిట్‌తో ఎప్పుడూ తుడవకూడదు. మిగిలిన కంటికి పవర్ లేకపోయినా సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకుని తీరాలి. క్యాన్సర్ వల్ల కన్ను తీసిన పిల్లల రివ్యూలు చికిత్స చేసిన కేంద్రంలోనే జరగాలి, రెండో కంటిని కూడా వాళ్లే చూస్తారు.

ఆగకుండా పరుగెత్తాల్సినప్పుడు

చూపు ఒక్కసారిగా తగ్గడం, కన్ను గట్టిపడి బయటికి ఉబికి తట్టుకోలేని నొప్పి, జ్వరంతో పాటు వాపు పెరగడం, మగతగా ఉండడం, ముక్కులోంచి నీళ్లలాంటిది ఆగకుండా కారడం, ముక్కులోనో అంగిట్లోనో నల్లబడడం. వీటిలో ఏది కనిపించినా ఆపరేషన్ చేసిన డాక్టరుకి ఫోన్ దారిలో చేయొచ్చు, ముందు 108 పిలిచి దగ్గర్లోని పెద్దాసుపత్రికి బయల్దేరండి.

డబ్బు, కాగితాలు

ఆరోగ్యశ్రీ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. డిశ్చార్జికి ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రివ్యూలు, మందులు ఈ ప్యాకేజీలోకి వస్తాయా, ఎన్నాళ్లు వస్తాయి, జిల్లాలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుంది. ఇంటికొచ్చాక అడిగితే సమాధానం చెప్పేవాళ్లు దొరకరు.

క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో దెబ్బ తగిలిన వాళ్లకు రివ్యూ కాగితాలే రేపటి పరిహారానికి ఆధారం. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో రెండో కన్ను బాగుండి ఒక కన్ను కోల్పోతే సంపాదన శక్తిలో 40 శాతం నష్టంగా, కన్ను ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతంగా లెక్క ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ ఉంది. మొదటి రోజు నుంచి ప్రతిసారీ చూపు ఎంతో రాయించుకోని వాళ్లు ఈ లెక్క దగ్గర నష్టపోతారు. ప్రమాదం కేసుగా నమోదు చేశారో లేదో మొదటి రోజే చూసుకోవాలి.

ఒక ఫైలు పెట్టి అందులో డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ ఫిల్ములు, సీడీ, వేసిన ప్లేటు వివరాలున్న స్టిక్కరు, రక్తపరీక్షలు తేదీల వారీగా ఉంచండి. ప్లేటు స్టిక్కరు ముందు ముందు ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అడుగుతారు. ఫైలు మొత్తాన్ని ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోకి కూడా పంపండి. ఎమర్జెన్సీలో మీతో వచ్చేది ఎవరో ముందే తెలియదు.